ఆటవిడుపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ల కోసం

మా వేపు ఎవరిని కదిపినా పని గురించి గంటసేపు మాట్లాడతారు. పొలం పని, జీడిపిక్కల పని, జూట్ మిల్లు షిఫ్టులు, వలస కూలి, పిల్లల కోచింగులు. పని లేని గంటల్లో ఏం చేస్తారని అడిగితే మాత్రం "ఏటుంది, ఊరికే ఉంటాం" అనేస్తారు. బళ్లో ఆటల మాస్టారిగా చాలాకాలం పనిచేశాను కాబట్టి ఆ ఖాళీ గంటల గురించి తల్లిదండ్రులు, పాత విద్యార్థులు, రిటైరైన తోటివాళ్లు నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఎక్కువమంది అడిగినవీ, వాటికి నేను చెప్పే జవాబులూ ఇవి.

ఆటవిడుపు అంటే ఏమిటి? సరదాగా ఏం చేసినా అదేనా?

ఒకరు చెయ్యమనకుండా, జీతం ఆశించకుండా, మన సొంత సమయంలో ఇష్టంగా చేసేది ఆటవిడుపు. చేశాక ఒంటికో మనసుకో కాస్త ఊపిరి అందాలి. ఏం చేస్తున్నామన్నదాని కంటే ఎందుకు చేస్తున్నామన్నదే ఇక్కడ లెక్క. చేపలు పట్టడం కళింగపట్నం మత్స్యకారుడికి బతుకుతెరువు. ఆదివారం పూట గేలం వేసుకుని చెరువుగట్టున కూర్చున్న గుమస్తాకి అదే కాలక్షేపం. రోజూ తెల్లారి హడావిడిగా వాకిట్లో గీసే నాలుగు గీతల ముగ్గు ఇంటిపనిలో భాగం. అదే మనిషి ధనుర్మాసంలో, రేపు వీధిలో అందరికంటే పెద్ద ముగ్గు వెయ్యాలని రాత్రే కాగితం మీద చుక్కలు లెక్కపెట్టుకుంటోందంటే అది ఆటవిడుపు.

అందుకే 'ఇది వినోదం, ఇది కాదు' అని ఎవరూ జాబితా రాసివ్వలేరు. మీ ఇష్టం, మీ సమయం ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

పడుకుని రెస్ట్ తీసుకోవడం కూడా ఇందులోకే వస్తుందా?

రాదు. విశ్రాంతి వేరే అవసరం, అదే ముందు తీరాలి. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషిని వాకింగుకి రమ్మని లాగకండి, నిద్రపోనివ్వండి. చాలామందికి చిక్కు ఎక్కడ వస్తుందంటే, నిద్ర సరిపడా ఉన్నా నీరసం పోదు, ఆదివారం మధ్యాహ్నం లేచేసరికి చిరాగ్గా ఉంటుంది. వాళ్లకు కావలసింది ఇంకో గంట నిద్ర కాదు, ఏదైనా చెయ్యడం.

ఇందులో ఎన్ని రకాలున్నాయి? నాకేది సరిపోతుంది?

పుస్తకాల్లో రకరకాలుగా విడదీస్తారు. ఒంటితో ఆడేవి, బుర్రతో ఆడేవి, చేతులతో చేసేవి, పదిమందితో కలిసేవి, ఒంటరిగా చేసుకునేవి, ఊరు దాటి వెళ్లేవి, సేవగా చేసేవి, ఊరికే కూర్చుని చూసేవి. నిజానికి మంచి కాలక్షేపం ఏదీ ఒక్క గదిలో ఇమడదు. కార్తీకమాసంలో వనభోజనాలు తీసుకోండి. తోటకి నడిచి వెళ్తారు, గాడిపొయ్యి తవ్వి వండుతారు, అంత్యాక్షరి పాడతారు, పిల్లలు ఏడుపెంకులాట ఆడతారు, పెద్దవాళ్లు ఉసిరిచెట్టు కింద కబుర్లలో పడతారు. పైన చెప్పిన రకాల్లో సగానికి పైగా ఒక్క పూటలో అయిపోతాయి.

అష్టాచెమ్మానే చూడండి. అరుగు మీద సుద్దముక్కతో అయిదు గళ్లు అడ్డం, అయిదు గళ్లు నిలువు గీస్తారు. గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని గచ్చుకి అరగదీసి ఒక వైపు తెల్లగా చేస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. పందెం పడగానే ఆట ఆగదు, అక్కణ్ణించి బుర్ర మొదలవుతుంది: ఏ కాయ కదపాలి, ఎవర్ని చంపాలి, ఏ కాయని గడిలో దాచాలి. చంపితే పెద్ద గోల. తొంభయ్యేళ్ల మామ్మగారూ ఆరేళ్ల మనవరాలూ సమానంగా పోట్లాడుకోగల ఆట ఇది. పైసా ఖర్చు లేదు.

ఏది సరిపోతుందన్నదానికి నేను చెప్పే మాట ఒకటే. మీ పనికి ఎదురుగా ఉన్నది ఎంచుకోండి. రోజంతా కంప్యూటర్ ముందో కౌంటర్లోనో కూర్చునేవాళ్లు సాయంత్రం మళ్లీ కూర్చునే కాలక్షేపం పెట్టుకుంటే నడుం విరుగుతుంది తప్ప హాయి ఉండదు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లకి రోజంతా కూర్చోవడమే, పైగా ఆ జీడి చేతుల్ని కాల్చేస్తుంది. వాళ్లకి లేచి తిరిగేది, పాడుకునేది కావాలి. బస్తాలు మోసి వచ్చినవాడికి వ్యాయామం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. అతనికి చావడిలో పులి–మేక ఆట, లేకపోతే మంచి పాట. రోజంతా జనంతో మాట్లాడే బ్యాంకు ఉద్యోగికి ఒంటరిగా కుండీలకు నీళ్లు పోసుకోవడం హాయి.

మన రెండు జిల్లాలకీ సొంతమైన వినోదాలు ఏవి?

ఇది అడిగితే నాకు ఆపబుద్ధి కాదు.

ముందు తప్పెటగుళ్లు. పశువుల్ని కాచుకునే యాదవుల దగ్గర పుట్టి పెరిగిన కళ ఇది. రేకుతో చేసిన గుండ్రటి తప్పెటని గుండెల మీద వేలాడేసుకుని, కాళ్లకి గజ్జెలు కట్టి, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. ఆట ముదిరాక ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడతారు. అంత ఎత్తున నిలబడ్డవాడు కూడా తాళం తప్పడు! దగ్గర నిలబడి చూస్తే ఆ చప్పుడు మన ఛాతీలో మోగుతుంది. టీవీలో చూసి ఇంతేనా అనుకున్నవాళ్లు ఒక్కసారి ఊరి పండగలో చూడాలి.

జముకుల కథ, తూర్పు భాగవతం కూడా ఇక్కడివే. జముకు తీగ మీటుతూ రాత్రి పొడుగునా కథ చెబుతారు. తూర్పు భాగవతంలో సత్యభామ వేషం మగవాళ్లే కట్టడం రివాజు. పార్వతీపురం కొండల వైపు థింసా ఉంది, ఒకరి నడుము వెనక ఒకరు చేతులు వేసుకుని అడుగులు వేస్తారు. కోలాటం, చెక్కభజన, కర్రసాము, పులివేషాల సంగతి చెప్పక్కర్లేదు, మీ ఊళ్లోనే ఎవరికో ఒకరికి వచ్చి ఉంటాయి. అడగండి.

ఇక విజయనగరం. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకాన్ని మొట్టమొదట 1892లో ఆడింది ఈ ఊళ్లోనే. హరికథకి పితామహుడని పేరుపొందిన ఆదిభట్ల నారాయణదాసు తిరిగిన వీధులివి. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయనే. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నవాళ్లే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణలు చేస్తారు, వీలుంటే పిల్లల్ని తీసుకెళ్లి ఆ చెక్కడం చూపించండి.

దేహబలం విషయానికొస్తే వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ కంపెనీ నడిపి ఊరూరా జనాన్ని నోరెళ్లబెట్టించాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

గుడికి వెళ్లడం, జాతర చూడటం భక్తి కదా, దాన్ని వినోదం అనొచ్చా?

రెండూ ఒకచోట ఉండటంలో తప్పేమీ లేదు. విజయదశమి దాటాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటాడు, గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. చేతులెత్తి మొక్కే వాళ్లే ఆ తర్వాత బొమ్మల దుకాణాల్లో బేరాలాడతారు, జీళ్లు కొంటారు, ఏడాదిగా కలవని చుట్టాల్ని కలుస్తారు. అమ్మవారికి ఇందులో కోపం వచ్చేదేమీ లేదని నా నమ్మకం. పెద్దపండక్కి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి వలస వెళ్లినవాళ్లంతా కిక్కిరిసిన రైళ్లలో నిలబడి మరీ వస్తారు కదా. ఆ నాలుగు రోజులే వాళ్లకి ఏడాది మొత్తానికీ ఆటవిడుపు.

క్రికెట్ చూస్తాను, సినిమా చూస్తాను. చూడటం తక్కువ రకమా?

కాదు. మంచి సినిమా చూసి వచ్చి వారం రోజులు దాని గురించే మాట్లాడుకోవడం గొప్ప కాలక్షేపం. కాకపోతే వారంలో ఉన్న ఖాళీ అంతా చూడటానికే పోతుంటే కొంచెం ఆలోచించండి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కాస్త వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవడం. పొద్దున్నే విజయనగరం అయోధ్య మైదానంలో నాలుగు చుట్లు తిరిగితే సరిపోతుంది. మ్యాచ్ సాయంత్రం చూసుకోవచ్చు.

ఫోన్లో రీల్స్ చూడటం?

ఫోన్ పక్కన పెట్టిన క్షణంలో ఎలా ఉందో గమనించండి. నవ్వుకుంటూ లేచారా, లేకపోతే 'అయ్యో రెండు గంటలు పోయాయే' అనుకుంటూ కళ్లు నులుముకున్నారా? మొదటిదైతే మానక్కర్లేదు. రెండోదైతే అందులో మీ ఇష్టం ఎక్కడుంది, బొటనవేలు దాని మానాన అది తిరుగుతోంది. ఏం చూడాలో ముందే అనుకుని ఫోన్ తియ్యడం, భోజనం దగ్గరా మంచం మీదా దాన్ని దూరం పెట్టడం చాలామందికి పనికొచ్చాయి.

చంటిపిల్లల చేతికి ఇవ్వకండి. రెండేళ్లు నిండని పిల్లలకి స్క్రీన్ వద్దనీ, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకి రోజుకి గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ముద్ద పెట్టడానికి ఫోన్ చూపించే తల్లి కష్టం నాకు తెలుసు, ఆమె ఒక్కర్తే అన్ని పనులూ చేసుకుంటోంది. అప్పుడు ఇంట్లో ఇంకొకరు బిడ్డని ఎత్తుకుని వీధిలోకి వెళ్లి కాకినో కుక్కనో చూపించాలి.

పిల్లలకి ఆట ఎంతసేపు? పదో తరగతిలో ఆపెయ్యాలా?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలి. పదో తరగతి పిల్లలూ ఇందులోనే ఉన్నారు. ఇది నా సొంత లెక్క కాదు, ఇదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదే. ఆట పిల్లల హక్కు అని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో రాసి ఉంది, మన దేశం 1992లో దాన్ని ఒప్పుకుంది.

ఆటల పీరియడ్‌ని లెక్కల మాస్టారికి ఇచ్చెయ్యడం మన బళ్లలో మామూలైపోయింది. ఉన్న మాట చెబుతున్నాను, ఆ పీరియడ్‌లో గ్రౌండుకి వెళ్లి వచ్చిన పిల్లలు తర్వాతి క్లాసులో కుదురుగా కూర్చుంటారు. గ్రౌండు లేని పిల్లలు బెంచీల కింద కాళ్లతో కొట్టుకుంటూ ఉంటారు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ పేరు తలుచుకుంటే మా జిల్లాల్లో ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. అలాగని బిళ్లంగోడు ఆడుకునే ప్రతి పిల్లాణ్ణీ అకాడమీలో చేర్చి, పొద్దున్నా సాయంత్రం టైమింగులు చూస్తూ టెన్షన్ పెడితే వాడికి ఆట కూడా ఇంకో సబ్జెక్ట్ అయిపోతుంది. పతకం కోసం ఆడే పిల్లలకి కూడా పతకంతో పనిలేని ఒక ఆట విడిగా ఉండాలి.

ఇంట్లో ఉండే ఆడవాళ్లకి ఆటవిడుపు ఎక్కణ్ణించి వస్తుంది?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, అన్నిటికంటే తక్కువమంది అడిగేదీ ఇదే. అడిగేది కూడా ఎక్కువగా ఆడపిల్లలే, వాళ్ల అమ్మల కోసం.

దేశమంతటా 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో తేలిన అంకెలు చూడండి. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఇంటిపనిలో అసలు చెయ్యి పెట్టే మగవాళ్లే నూటికి 26 మంది. ఇది కూలికో ఉద్యోగానికో వెళ్లే పని కాకుండా. 'మా ఆవిడకి టీవీ సీరియల్ చాలు' అంటారు చాలామంది. సీరియల్ చూస్తున్నప్పుడు ఆమె చేతులు గమనించండి. చిక్కుళ్లు ఈనెలు తీస్తూనో, బట్టలు మడతపెడుతూనో, రేపటి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూనో ఉంటాయి. మధ్యలో "మంచినీళ్లు" అని కేక వినిపిస్తే లేస్తుంది. అది పని మధ్యలో వింటున్న కథ, అంతే.

అందుకని ఆమెకి ఏ కాలక్షేపం బాగుంటుందని అడిగే ముందు, ఆమెకి తనదని చెప్పుకోగల గంట ఉందా అని అడగండి. వారంలో మూడు రోజులు, సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా, ఆ ఇంట్లో ఎవరూ ఆమెని పిలవకూడదు. టీ ఎవరికి వాళ్లు పెట్టుకోవాలి. పిల్లల హోంవర్క్ నాన్న చూడాలి. ఆ గంటలో ఆమె కోలాటం జట్టుకి వెళ్తుందో, పక్కింటి వదినతో నాగావళి గట్టున నడుస్తుందో, తలుపేసుకుని పత్రిక చదువుకుంటుందో మనకి అనవసరం. ఏం చేశావని లెక్క అడగకూడదు.

"ఓలమ్మ, ఈ వయసులో నాకేటి ఆటలే?" అని మొదట్లో ఆమే అంటుంది. ఒప్పుకోకండి. నాలుగు వారాలు ఆ గంటని కాపాడి చూడండి, ఆమె దాన్ని మళ్లీ వదులుకోదు.

కోడలు ఉద్యోగం చేస్తుంటే అత్తగారికి మనవల పని పడుతుంది, ఆ అత్తగారికీ ఇదే వర్తిస్తుంది.

డబ్బు లేకుండా కుదిరే పనేనా? సెలవు రోజు ఎక్కడికి వెళ్లొచ్చు?

కుదురుతుంది. బస్సు చార్జీలు, ఇంటి నుంచి పులిహోర చాలు. వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం తీరం ఉంది, దీపస్తంభం ఉంది. దారిలోనే శాలిహుండం కొండ, పైన బౌద్ధ స్తూపాల శిథిలాలు, కింద నది. అటు బారువ తీరం, ఇటు పూసపాటిరేగ వైపు చింతపల్లి తీరం. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా చలికాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు పెట్టి పిల్లల్ని చేసుకుని వెళ్తాయి. ఊళ్లోవాళ్లు వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంటారు, అక్కడ గోల చెయ్యకండి. గంట్యాడ వైపు తాటిపూడి జలాశయం ఒక పూటకి బాగుంటుంది. చదివే అలవాటున్నవాళ్లు శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో పెట్టిన కథానిలయం చూడాలి, తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలని ఒక మనిషి పట్టుకున్న పట్టు అది.

ఒక హెచ్చరిక. మన తీరాల్లో కెరటం లాగేస్తుంది. ఈత వచ్చని ధీమాగా లోపలికి వెళ్లిన కుర్రాళ్లే ఎక్కువగా పోతున్నారు. మోకాళ్ల లోతు దాటొద్దు, మందు తాగి అసలు దిగొద్దు.

పేకాట, కోడిపందేలు, ఆన్‌లైన్ రమ్మీ కూడా కాలక్షేపమే కదా?

డబ్బు పెట్టకుండా పండగనాడు చుట్టాలతో ఆడే పేక కాలక్షేపమే. డబ్బు పెట్టగానే మనిషి ఆట కోసం కాక, పోయింది రాబట్టడం కోసం ఆడతాడు. కోడిపందేలు చట్టవిరుద్ధం, కోడికి నరకం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. అయినా దొంగ యాప్‌లు తిరుగుతూనే ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా అప్పులు చేసి ఆడుతుంటే తిట్టి ఊరుకోకండి, 14416 నంబరుకి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సలహా లైన్.

రిటైరయ్యాను. రోజు గడవట్లేదు. ఈ వయసులో కొత్తది మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టండి. ఇంతకాలం ఉద్యోగమే మీకు టైము, స్నేహితులు, వీధిలో గౌరవం అన్నీ ఇచ్చింది. అవన్నీ ఒక్క రోజులో పోయాయి కాబట్టి, ఒంటరిగా చేసే కాలక్షేపం కంటే ఫలానా టైముకి పదిమంది ఎదురుచూసేది ముందు పెట్టుకోండి. భజన బృందం, పొద్దున్నే నడిచే జట్టు, పక్కవీధి పిల్లలకి సాయంత్రం ఇంగ్లీషు చెప్పడం, ఏదైనా సరే. మీరు రాకపోతే "మాస్టారేరి?" అని ఎవరో అడగాలి. సంగీతం నేర్చుకోవాలని చిన్నప్పటి కోరికా? కచేరీ చెయ్యరు కదా, గొంతు ఎలా ఉంటేనేం.

ఇది నిజంగా హక్కా, లేకపోతే తీరిక ఉన్నవాళ్ల మాటలా?

హక్కే. విశ్రాంతి, తీరిక ప్రతి మనిషికీ ఉండాలని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెబుతోంది. మన రాజ్యాంగం 43వ అధికరణం కార్మికులకి బతకడానికి చాలిన కూలితోపాటు తీరికని పూర్తిగా అనుభవించే వీలు కూడా కల్పించాలని ప్రభుత్వానికి చెప్పింది. కోర్టుకెళ్లి సాధించుకునే రకం కాదిది, ఆదేశిక సూత్రం. అయినా వారానికో సెలవు అడిగే కూలీకి, షాపులో రోజుకి పన్నెండు గంటలు నిలబడే గుమస్తాకి చేతిలో ఉండాల్సిన మాట ఇది.

మా ఊళ్లో ఆడుకోవడానికి స్థలమే లేదు. ఏం చెయ్యాలి?

ముందు బడి గ్రౌండు చూడండి. సాయంత్రం అయిదు తర్వాత, ఆదివారాలు గేటుకి తాళం వేసే ఉంటుంది. హెడ్మాస్టారు భయపడేది సామాను పోతుందని, గ్రౌండులో తాగుతారని. ఊరి పెద్దలు ఇద్దరు బాధ్యత తీసుకుని తాళం తీసే మనిషినీ, వేసే మనిషినీ చూపిస్తే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఆ పని మాటగా కాకుండా గ్రామసభలో అర్జీగా పెట్టి రాయించండి. ఆక్రమించుకున్న చెరువుగట్టు, ఊరి ఉమ్మడి స్థలం ఉంటే వాటి సర్వే నంబర్లు కూడా అదే అర్జీలో అడగండి. ఆడపిల్లలకి వేరే టైము గానీ, సగం గ్రౌండు గానీ మొదటిరోజే రాసిపెట్టండి. తర్వాత చూద్దాం అంటే క్రికెట్ ఆడే కుర్రాళ్లు మొత్తం ఆక్రమించేస్తారు, ఆ సంగతి ఏళ్ల తరబడి చూశాను. లైటు ఒకటి వేయిస్తే చీకటి పడ్డాక పెద్దవాళ్లు కూడా నడుచుకుంటారు.